కుర్తీ – మన కొలత, మన లెక్క

పొద్దున పూట మండపేట బస్టాండు దగ్గర చూడండి. కాలేజీకి వెళ్లే ఆడపిల్లలు ఉంటారు. ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయిలు ఉంటారు. కొట్లలో సరుకు అమ్మే ఆడవాళ్లు ఉంటారు. పిల్లల్ని బడికి దింపే తల్లులు ఉంటారు. వీళ్లలో చాలామంది కుర్తీ వేసుకుని కనబడతారు. చీర మన ఇంటి నుంచి పోలేదు. పెళ్లికీ పేరంటానికీ చీరే కడతారు. కానీ పరుగెత్తే రోజున కుర్తీ చేతికి అందుతోంది.

ఎందుకు ఇలా అయింది? ఎంత బట్ట కావాలి? ఏ బట్ట మంచిది? కుట్టే మనిషికి ఏం మిగులుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కుర్తీ అంటే ఏమిటి?

మగవాళ్లు లాల్చీ వేసుకుంటారు కదా. కుర్తీ కూడా అలాంటిదే. కుట్టిన పొడుగు చొక్కా. కుర్తా అనే మాట పారశీక భాష నుంచి వచ్చింది. ఆడవాళ్లు వేసుకునే దాన్ని కుర్తీ అంటున్నారు. మన వైపు చాలామంది "టాపు" అని కూడా అంటారు.

కుర్తీ మోకాలి వరకు ఉండొచ్చు. అంతకంటే పొట్టిగా ఉండొచ్చు. పిక్కల దాకా కూడా ఉండొచ్చు. చాలా కుర్తీలకు రెండు పక్కలా చీలిక ఉంటుంది. ఆ చీలిక అందం కోసమే కాదు. అడుగు వేయడానికి, మెట్టు ఎక్కడానికి, కింద కూర్చోవడానికి అది వీలు ఇస్తుంది.

మన ఊళ్లకు ముందు వచ్చింది పంజాబీ డ్రెస్సు. అందులో మూడు బట్టలు ఉంటాయి. పొడుగు చొక్కా, ప్యాంటు, చున్నీ. మూడూ ఒకే జత. ఒకటి పాడైతే జత చెడిపోతుంది. తర్వాత పై చొక్కాను విడిగా అమ్మడం పెరిగింది. అప్పుడు ఆడవాళ్లు కిందికి తమకు నచ్చింది వేసుకోసాగారు. లెగ్గింగు వేసుకున్నారు. వదులు ప్యాంటు వేసుకున్నారు. కొందరు పాత పరికిణీ మీదే కుర్తీ వేసుకున్నారు.

ఇక్కడ ఒక లెక్క ఉంది. మూడు పంజాబీ డ్రెస్సులు కొంటే మూడు జతలు. మూడు కుర్తీలు, రెండు ప్యాంట్లు కొంటే? ఒక్కో కుర్తీని రెండు ప్యాంట్లతో వేసుకోవచ్చు. మూడు రెళ్లు ఆరు. అంటే ఆరు జతలు. కానీ ఆ రెండు ప్యాంట్ల రంగు మూడు కుర్తీలకూ కలవాలి. నలుపు, తెలుపు లాంటి రంగులైతే చాలావాటికి కలుస్తాయి.

కొత్త బట్ట అంటే భయమా?

ఒక ఇంట్లో కోడలు కుర్తీ వేసుకుని పనికి బయలుదేరింది అనుకుందాం. అత్తగారు చూశారు.

"అదేం బట్టే అమ్మా? చీర కట్టుకోవచ్చు కదా!"

"బండి మీద వెళ్లాలి అత్తయ్యా. చీర కుచ్చెళ్లు కాళ్లకు అడ్డం పడుతున్నాయి."

"మా రోజుల్లో చీరతోనే అన్ని పనులూ చేశాం."

"చేశారు అత్తయ్యా. కాదనను. మరి ఊడ్పులప్పుడు చీర మీద మావయ్య చొక్కా వేసుకునేవారట కదా?"

అత్తగారు నవ్వారు. "అవునే. ఎండకు చేతులు మాడిపోయేవి. గడ్డి కోసుకునేది. అందుకని వేసుకునేదాన్ని."

ఈ మాట నిజం. గోదావరి పొలాల్లో ఊడ్పులకు, కలుపుకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు. ఎవరూ వాళ్లకు ఫ్యాషను నేర్పలేదు. పని నేర్పింది. ఎండ నేర్పింది. కుర్తీ కూడా అలాగే వ్యాపించింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. రవికె ఒకప్పుడు అందరూ వేసుకునేది కాదు. ఒంటికి చీర ఒక్కటే చుట్టుకున్న ముసలమ్మలు మన ఊళ్లలో ఉండేవారు. తర్వాత రవికె అందరి బట్ట అయింది. ఇప్పుడు అది పాత ఆచారంలా కనబడుతోంది. బట్ట మారడం ఎప్పుడూ ఉన్నదే.

ఎవరు నిర్ణయించాలి?

2018లో ఒక సంగతి జరిగింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా, నిడమర్రు మండలంలో తోకలపల్లి అనే ఊరు ఉంది. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు పెట్టారు. పగటి పూట ఆడవాళ్లు నైటీ వేసుకుని బయటికి రాకూడదు అన్నారు. వస్తే 2,000 రూపాయలు జరిమానా. చూసి చెప్పినవాళ్లకు 1,000 రూపాయలు బహుమానం. ఈ సంగతి పత్రికల్లో వచ్చింది. అధికారులు, పోలీసులు ఊరికి వెళ్లి విచారించారు.

నైటీ రాత్రి బట్టే అని కొందరు అంటారు. ఇంటి చాకిరీకి అదే సుఖం అని కొందరు అంటారు. రెండు మాటలూ మాట్లాడుకోవచ్చు. కానీ ఒక విషయం మరచిపోకూడదు. ఆడవాళ్లు ఏం వేసుకున్నారో చూసి జరిమానా వేసే అధికారం ఊరి పెద్దలకు చట్టం ఇవ్వలేదు. 2,000 రూపాయలు కూలి చేసుకునే ఇంటికి చిన్న సొమ్ము కాదు.

వేసుకునే మనిషే తన బట్ట ఎంచుకోవాలి. చీర కావాలంటే చీర. కుర్తీ కావాలంటే కుర్తీ. "అందరూ కుర్తీ వేస్తున్నారు, నువ్వూ వేసుకో" అని బలవంతం చేయడం కూడా తప్పే. అయితే ఎంచుకోవాలంటే తెలివిడి ఉండాలి. బట్ట తెలియాలి. కొలత తెలియాలి. ధర తెలియాలి. లేకపోతే మన బదులు కొట్టువాడే ఎంచుతాడు.

బట్టను పట్టి చూడడం

మండపేట మండలంలోనే ద్వారపూడి ఉంది. అక్కడ రైలు స్టేషను ఉంది. ద్వారపూడికి బట్టల వ్యాపారంలో పేరు ఉంది. టోకున కొనేవాళ్లు, పెళ్లి బట్టలు కొనేవాళ్లు అక్కడికి వెళ్తారు. అంత పెద్ద బజారులో రంగులు చూసి కళ్లు చెదురుతాయి. అందుకే ముందు దారం సంగతి తెలుసుకోవాలి.

నూలు బట్ట చెమటను పీలుస్తుంది. మన ఎండకు బాగుంటుంది. మొదటి ఉతుకులో కొంచెం కుంచించుకుపోతుంది.

రేయాన్ బట్ట మెత్తగా జారుతుంది. దీన్ని చెట్టు కలప గుజ్జుతో చేస్తారు. కుర్తీలకు చాలా వాడుతున్నారు. తడిసినప్పుడు దీని బలం తగ్గుతుంది. కనుక బండకేసి బాదకూడదు. గట్టిగా పిండకూడదు.

పాలిస్టర్ బట్ట మడత పడదు. త్వరగా ఆరుతుంది. ఎక్కువ కాలం ఉంటుంది. కానీ చెమటను పీల్చదు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర ఈ బట్ట మంచిది కాదు. నూలు బట్ట కూడా మండుతుంది. అందుకే పొయ్యి దగ్గర ఏ బట్టకూ వదులు చేతులు, వేలాడే చున్నీ ఉండకూడదు.

కొట్టువాడు "ప్యూర్ కాటన్ అండి" అంటాడు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? బట్ట అంచు నుంచి ఒక దారం లాగండి. ఇంటికి తెచ్చి, పళ్లెంలో పెట్టి, పట్టకారుతో పట్టుకుని కాల్చండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. నూలు దారమైతే కాగితం కాలిన వాసన వస్తుంది. మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరుగుతుంది. చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. రేయాన్ కూడా నూలు లాగే కాలుతుంది. కనుక ఈ పరీక్షతో నూలు, రేయాన్ తేడా తెలియదు. పాలిస్టర్ సంగతి మాత్రం బయటపడుతుంది.

మన నేతలు, మన అద్దకాలు కూడా కుర్తీకి బాగా పనికొస్తాయి.

గుంటూరు జిల్లా మంగళగిరిలో నూలు బట్ట నేస్తారు. నడుమ ఏ పువ్వూ లేకుండా సాదాగా ఉంటుంది. అంచున సన్నని జరీ ఉంటుంది. చీరలే కాదు, డ్రెస్సు బట్టలు కూడా అక్కడ నేస్తారు.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దుతారు. టేకు చెక్క మీద పువ్వు చెక్కి అచ్చు చేస్తారు. ఆ అచ్చును రంగులో ముంచి బట్ట మీద వేస్తారు. బట్టను ముందు కరక్కాయ నీటిలో ముంచుతారు. నలుపు కోసం ఇనుము, బెల్లం కలిపి ఊరబెడతారు. మన వంటింట్లో ఉండే బెల్లం బట్టకు రంగు అవుతుంది!

తెలంగాణలో పోచంపల్లి ఉంది. అక్కడ బట్ట నేశాక రంగు వేయరు. దారానికే ముందు లెక్క ప్రకారం రంగు వేస్తారు. నేస్తుంటే పువ్వు దానంతట అదే కుదురుతుంది.

కోనసీమలో అమలాపురం దగ్గర బండారులంక ఉంది. అది చేనేత చీరలకు పేరున్న ఊరు. పాత నేత చీర చిరిగితే పారేయకండి. మంచి భాగం చూసి కుర్తీ కుట్టించుకోవచ్చు. అంచు వచ్చే భాగాన్ని చేతులకు, కింది వైపుకు వాడితే అందంగా ఉంటుంది.

చేనేత పేరుతో మిల్లు బట్ట అమ్మేవాళ్లూ ఉన్నారు. 2006లో ప్రభుత్వం చేనేత గుర్తును తెచ్చింది. దాన్ని హ్యాండ్లూమ్ మార్క్ అంటారు. ఆ చీటీ ఉందేమో అడగండి.

కొలత తీసుకోవడం

దర్జీలు వాడే టేపు చూడండి. ఒక వైపు 60 అంగుళాలు ఉంటాయి. రెండో వైపు 150 సెంటీమీటర్లు ఉంటాయి. కుర్తీకి అంగుళాలలో కొలుస్తారు.

కొలతలు ఇవి:

1. భుజం – ఒక భుజం ఎముక నుంచి రెండో భుజం ఎముక వరకు.
2. ఛాతీ – చంకల కింద నుంచి చుట్టూ. టేపు బిగించకూడదు. లోపల రెండు వేళ్లు పట్టాలి.
3. నడుము – సన్నగా ఉన్న చోట చుట్టూ.
4. సీటు – పిరుదులు వెడల్పుగా ఉన్న చోట చుట్టూ.
5. పొడుగు – భుజం మీద నుంచి కిందికి.
6. చేయి – పొడుగు, చుట్టుకొలత.

ఛాతీ 36 అంగుళాలు ఉంటే కుర్తీని 36కే కుట్టకూడదు. ఊపిరి ఆడాలి. చేయి పైకి ఎత్తాలి. అందుకని రెండు మూడు అంగుళాలు వదులు ఉంచాలి. కుట్టు లోపల కూడా కొంచెం బట్ట వదలమని చెప్పండి. ఒళ్లు వస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. పాలిచ్చే తల్లి అయితే ముందు వైపు గుండీలు పెట్టించుకోవాలి.

జేబు మరచిపోకండి. చీర కట్టినప్పుడు డబ్బు కొంగున ముడి వేస్తాం. కుర్తీకి కొంగు లేదు. చేతిలో పర్సు పట్టుకుంటే జారిపోతుంది. పక్క కుట్టులో జేబు పెట్టమంటే దర్జీ పెడతారు. ఫోను, బస్సు చార్జీ, చిన్న పుస్తకం అందులో ఉంటాయి. అరచేయి మొత్తం లోపలికి పట్టేలా పెట్టమనండి.

బండి ఎక్కేవాళ్లు చున్నీని ముందు వైపు ముడి వేసుకోవాలి. వెనక్కి వేలాడితే చక్రంలో చుట్టుకుంటుంది. ప్రాణానికే ప్రమాదం. చీర కొంగు కూడా అంతే.

కుట్టిన కుర్తీలు కొనేటప్పుడు మెడ దగ్గర చీటీ చదవండి. దాని మీద అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే చిన్నది. ఎం అంటే మధ్య రకం. ఎల్ అంటే పెద్దది. ఎక్స్‌ఎల్ అంటే ఇంకా పెద్దది. చాలా కంపెనీలు ఎం అంటే 38, ఎల్ అంటే 40, ఎక్స్‌ఎల్ అంటే 42 అని పెడతాయి. అన్ని కంపెనీలూ ఒకేలా కుట్టవు. అందుకే అక్షరాన్ని నమ్మకండి. అంకెను నమ్మండి. అంకె లేకపోతే టేపు పెట్టి కొలవండి. ఎమ్మార్పీ అని రాసిన ధరలో పన్నులు కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ పన్ను అడిగితే ఇవ్వనక్కరలేదు. బిల్లు అడిగి తీసుకోండి.

ఎంత బట్ట కావాలి?

మోకాలి కింది దాకా కుర్తీ కావాలి. పొడుగు 42 అంగుళాలు అనుకుందాం. కింది మడతకు, కుట్టుకు 2 అంగుళాలు కలపాలి.

42 + 2 = 44 అంగుళాలు.

ముందు భాగం ఒకటి, వెనక భాగం ఒకటి. కనుక రెండు పొడుగులు కావాలి.

44 + 44 = 88 అంగుళాలు.

మీటరుకు 39 అంగుళాల పైచిలుకు. 88 అంగుళాలు అంటే రెండుంపావు మీటర్లు. బట్ట వెడల్పు, అంటే పన్నా, 44 అంగుళాలు ఉంటే పక్కన మిగిలిన ముక్కలో చేతులు వస్తాయి. నూలు బట్ట కుంచించుకుపోతుంది కనుక రెండున్నర మీటర్లు తీసుకోవాలి. పన్నా 36 అంగుళాలే అయితే ఇంకా ఎక్కువ కావాలి. కొట్లో ముందు పన్నా అడగండి. తర్వాత ధర అడగండి. తక్కువ పన్నా బట్ట చవకగా కనబడుతుంది. తీరా చూస్తే ఎక్కువ మీటర్లు కొనాలి.

కుట్టించే ముందు నూలు బట్టను ఒకసారి నీటిలో నానబెట్టి ఆరేయండి. కుంచించుకుపోయేది ముందే పోతుంది.

ఏది చవక?

కింది ధరలు లెక్క కోసం అనుకున్నవి.

బట్ట మీటరు 160 రూపాయలు. రెండున్నర మీటర్లకు 400 రూపాయలు. కుట్టు కూలి 200 రూపాయలు. గుండీలు, లేసు 20 రూపాయలు. మొత్తం 620 రూపాయలు.

కుట్టిన కుర్తీ ధర 450 రూపాయలు. చూడగానే ఇదే చవక. కానీ అది ఏడాదిలో రంగు పోయి, కుట్లు ఊడిపోయింది అనుకుందాం. కుట్టించుకున్నది రెండేళ్లు వచ్చింది అనుకుందాం. అప్పుడు 620ని రెండుతో భాగించాలి. ఏడాదికి 310 రూపాయలు. ఇప్పుడు ఏది చవక?

ఎప్పుడూ ఇలాగే ఉంటుందని కాదు. గట్టిగా కుట్టిన రెడీమేడ్ కుర్తీలూ ఉన్నాయి. కొనేముందు తిరగేసి కుట్లు చూడండి. లోపలి అంచుల దారాలు ఊడి ఉంటే అది ఎక్కువ కాలం రాదు.

కుట్టే చేతికి కూలి ఎంత?

కుర్తీ వల్ల చాలామంది ఆడవాళ్లకు ఇంట్లోనే కుట్టుపని దొరికింది. కుట్టుపని గౌరవమైన పని. కానీ దాని లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి.

మన పొరుగునే నరసాపురం ఉంది. అక్కడ ఆడవాళ్లు లేసు అల్లుతారు. ఆ పనిని పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు. ఆ లేసు విదేశాలకు వెళ్లింది. మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు అక్కడికి వచ్చి ఆ స్త్రీల బతుకు చూశారు. 1982లో పుస్తకం రాశారు. ఆడవాళ్లు రోజూ గంటల తరబడి లేసు అల్లేవారు. అయినా వాళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. "ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసే పని" అన్నారు. అందుకే కూలి చాలా తక్కువ ఇచ్చారు. లాభం సరుకు అమ్మినవాళ్లకు పోయింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు రావడం మంచిదే. పేరుతో పాటు అల్లిన చేతికి కూలి కూడా పెరగాలి.

కుర్తీ కుట్టేవాళ్లకు ఇది పాఠం. ఒక లెక్క చూద్దాం.

ఒక మేస్త్రి కత్తిరించిన బట్ట తెచ్చి ఇస్తాడు. కుర్తీకి 40 రూపాయలు ఇస్తాడు. ఒక అక్క రోజుకు 6 కుర్తీలు కుడుతుంది.

6 × 40 = 240 రూపాయలు.

దారం, సూదులు, నూనె, కరెంటు కలిపి 30 రూపాయలు ఆమె ఖర్చే.

240 – 30 = 210 రూపాయలు.

దీనికి 8 గంటలు పట్టింది. అంటే గంటకు 26 రూపాయల పైచిలుకు. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. మిషను తనది, కరెంటు తనది, కళ్లు తనవి. అయినా ఆమెకు వచ్చింది అంతకంటే తక్కువ.

మరి ఏం చేయాలి? ఎన్ని కుట్టిందో రోజూ పుస్తకంలో రాసుకోవాలి. తేదీ, లెక్క, సంతకం ఉండాలి. దారం ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. కుట్టు చెడిందని డబ్బు కోస్తే ఎంత కోశారో రాయించుకోవాలి. ఒక్కరే వెళ్లి అడిగితే "ఇష్టమైతే కుట్టు" అంటారు. ఆ వీధిలో కుట్టే పదిమందీ కలిసి అడిగితే మాట వినక తప్పదు. ద్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లు ఈ సంగతి సమావేశంలో పెట్టవచ్చు. సంఘమే ద్వారపూడిలో టోకున బట్ట కొని, కుట్టి, అమ్ముకోవచ్చు. అప్పుడు మధ్యవాడి వాటా మిగులుతుంది.

టేపు మీద అంకె చదవడం, చీటీ మీద ధర చదవడం, పుస్తకంలో కూలి రాసుకోవడం. ఈ మూడూ వస్తే కొనేటప్పుడు మోసపోరు. కుట్టేటప్పుడు నష్టపోరు.

కొత్త మాటలు

పన్నా – బట్ట వెడల్పు
టోకు – ఒకేసారి ఎక్కువగా కొనడం, అమ్మడం
అద్దకం – బట్ట మీద రంగుతో పువ్వులు, బొమ్మలు వేయడం
కట్టుబాటు – ఊరివాళ్లు పెట్టుకున్న నియమం
చుట్టుకొలత – చుట్టూ కొలిస్తే వచ్చే కొలత

మాట్లాడుకోండి

1. మీ అమ్మ, మీ అమ్మమ్మ ఏ బట్టలు కట్టేవారు? ఎందుకు మారాయి?
2. తోకలపల్లి కట్టుబాటు గురించి మీరేమంటారు? మీ ఊళ్లో అలా పెడితే ఏం చేస్తారు?
3. మీ వీధిలో కుట్టుపని చేసేవాళ్లు ఎంతమంది? వాళ్లకు కూలి ఎలా ఇస్తున్నారు?

రాయండి

1. ఇంట్లో ఒకరి కొలతలు తీసి, ఆరు కొలతలూ వరుసగా రాయండి.
2. మీ ఇంట్లో ఉన్న ఒక కుర్తీ లేదా రవికె మీద చీటీ చదవండి. అందులో ఉన్న అక్షరాలు, అంకెలు రాయండి.

లెక్క చేయండి

1. నాలుగు కుర్తీలు, మూడు ప్యాంట్లు ఉన్నాయి. అన్నీ ఒకదానికొకటి కలుస్తాయి. ఎన్ని జతలు వస్తాయి?
2. పొడుగు 38 అంగుళాల కుర్తీకి మడతతో కలిపి రెండు పొడుగులు ఎన్ని అంగుళాలు? ఎన్ని మీటర్లు కొనాలి?
3. మేస్త్రి కుర్తీకి 55 రూపాయలు ఇస్తే, రోజుకు 6 కుట్టి, ఖర్చు 30 రూపాయలు పోతే ఎంత మిగులుతుంది? 307 రూపాయలతో పోల్చి చూడండి.